కేంబ్రిడ్జ్‌కు దరఖాస్తు, అక్కడి కాలేజీ జీవితం: ఒక విద్యార్థిని ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: నేను తూర్పుగోదావరి జిల్లాలో సీబీఎస్‌ఈ పదకొండో తరగతి చదువుతున్నాను. ఏడో తరగతి దాకా నాది తెలుగు మీడియమే. భౌతికశాస్త్రమంటే ప్రాణం. కేంబ్రిడ్జ్‌లో నేచురల్ సైన్సెస్ చదవాలని కోరిక. అక్కడ ముప్పైకి పైగా కాలేజీలు ఉన్నాయట. ఏ కాలేజీకి పెడితే సీటు తేలిగ్గా వస్తుంది? ఇంటర్వ్యూలో నా ఇంగ్లిష్ తడబడితే ఏమవుతుంది? గౌన్లు, విందులు, లాటిన్ ప్రార్థనలు ఉంటాయని విన్నాను. పెద్ద పెద్ద స్కూళ్ల నుంచి వచ్చినవాళ్ల మధ్య నేను ఇమడగలనా? నాన్నగారు ఎరువుల దుకాణం నడుపుతారు. అవసరమైతే రెండెకరాలు అమ్మేస్తానంటున్నారు. అమ్మకు మాత్రం ఆడపిల్లను అంత దూరం పంపడం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు అడిగిన ప్రశ్నల్లో సీటు గురించినవీ, ఇమడటం గురించినవీ వేర్వేరుగా కనిపిస్తున్నా, రెండింటికీ మూలం ఒకటే. తెలియని విషయం ముందు కూర్చుని, ఎదురుగా ఉన్న గురువుకు వినిపించేలా ఆలోచిస్తూ, తప్పు దొర్లితే అక్కడికక్కడే దిద్దుకుంటూ ముందుకు వెళ్లడం: ఇంటర్వ్యూలో వాళ్లు చూసేది ఇదే, చేరాక వారం వారం చేయించేది కూడా ఇదే. ఈ అలవాటు ఇప్పటినుంచే చేసుకుంటే దరఖాస్తుకూ, అక్కడ కుదురుకోవడానికీ కలిపి సగానికి పైగా సిద్ధమైనట్టే. గౌన్లు, విందుల సంగతి రెండు వారాల్లో వచ్చేస్తుంది. పొలం సంగతి మాత్రం వేరు. దాని గురించి చివర్లో నిర్మొహమాటంగా రాస్తాను, ఆ భాగాన్ని నాన్నగారు కూడా చదవాలి.

ముందు కాలేజీల విషయం. కేంబ్రిడ్జ్‌లో 31 కాలేజీలున్నాయి, వాటిలో రెండు పూర్తిగా పీజీ, పరిశోధక విద్యార్థులకే. డిగ్రీ విద్యార్థులను తీసుకునే మిగతా 29లో మూడు 21 ఏళ్లు నిండినవారికి మాత్రమే. లెక్చర్లు, ల్యాబులు, పరీక్షలు, పట్టా యూనివర్సిటీవి. మిమ్మల్ని ఎంపిక చేయడం, గది, భోజనం, ఒకరికో ఇద్దరికో ముగ్గురికో కలిపి చెప్పే సూపర్‌విజన్లు కాలేజీవి. కాబట్టి ఏ కాలేజీలో ఉన్నా మీరు వినే భౌతికశాస్త్రం లెక్చర్ ఒకటే, రాసే పరీక్ష ఒకటే, చేతికి వచ్చే పట్టా ఒకటే. ఫలానా కాలేజీలో పోటీ తక్కువని మనవాళ్లు చెప్పుకునే లెక్కలను పట్టించుకోకండి. ఒక కాలేజీకి మంచి దరఖాస్తులు ఎక్కువై, తీసుకోలేకపోయినవారిని పూల్ అనే ఉమ్మడి జాబితాలో పెడతారు. జనవరిలో మిగతా కాలేజీలు ఆ జాబితా చూసి తమకు కావలసినవారిని పిలుచుకుంటాయి. అలా కోరుకున్న కాలేజీ ఒకటీ, చేరిన కాలేజీ మరొకటీ అయినవాళ్లు అక్కడ ప్రతి ఏడాదీ కనిపిస్తారు, మొదటి నెల దాటాక వాళ్లెవరూ దాని గురించి బెంగపడరు. ఏదీ తేల్చుకోలేకపోతే కాలేజీ పేరు రాయకుండా ఓపెన్ అప్లికేషన్ కూడా పెట్టవచ్చు.

అయితే మీ విషయంలో కాలేజీ ఎంపికకు ఒక మంచి కారణం ఉంది. న్యూన్‌హామ్, ముర్రే ఎడ్వర్డ్స్ అనే రెండు కాలేజీలు స్త్రీలకు మాత్రమే. న్యూన్‌హామ్ 1871లో మొదలైంది, అయినా కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ స్త్రీలకు పూర్తి పట్టా ఇవ్వడానికి 1948 దాకా పట్టింది. పరీక్షలన్నీ రాసి, మగపిల్లలతో సమానంగా మార్కులు తెచ్చుకుని కూడా పట్టా లేకుండా ఇంటికి వెళ్లిన తరాల ఆడపిల్లలు చదివిన చోటది. ఈ కాలేజీల్లో ఉన్నా లెక్చర్లకూ ల్యాబులకూ అందరితో కలిసే వెళ్తారు, నివాసం మాత్రం ఆడపిల్లల మధ్య. గేటు దగ్గర పోర్టర్ల గదిలో రాత్రీపగలూ మనిషి ఉండటం చాలా కాలేజీల్లో మామూలే. అమ్మగారితో మాట్లాడేటప్పుడు ఈ వివరాలు చెప్పండి. ఆమె భయం తీసిపారేయవలసింది కాదు, ఆమెకు కావలసింది ధైర్య వచనాల కంటే ఇలాంటి సమాచారం.

ఇక తేదీలు. దరఖాస్తు యూకాస్ ద్వారా, అంటే బ్రిటన్ యూనివర్సిటీలకు ఉమ్మడిగా దరఖాస్తులు తీసుకునే సంస్థ ద్వారా వెళ్తుంది, కేంబ్రిడ్జ్‌కు గడువు సాధారణంగా అక్టోబర్ 15. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌కు కూడా డిగ్రీ దరఖాస్తు పెట్టడం కుదరదు, రెండింటిలో ఒకటే. నేచురల్ సైన్సెస్‌కు ఈశాట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి, దానికి పేరు నమోదు సెప్టెంబర్‌లోనే ముగుస్తుంది. అంటే పన్నెండో తరగతిలో దసరా సెలవులు రాకముందే మీ పనులన్నీ అయిపోవాలి. ఈశాట్‌లో ఒక్కో భాగానికి 40 నిమిషాలు, 27 ప్రశ్నలు, క్యాలిక్యులేటర్ ఉండదు, తప్పుకు మార్కులు కోయరు. జేఈఈ కోసం మీరు చేస్తున్న సాధన ఇక్కడ బాగా అక్కరకొస్తుంది. గణితం మొదటి భాగం తప్పనిసరి, మరో రెండు భాగాలు మీరు ఎంచుకోవాలి. భౌతికశాస్త్రమే లక్ష్యం కాబట్టి గణితం రెండో భాగం, భౌతికశాస్త్రం తీసుకోండి. యూకాస్ తర్వాత కేంబ్రిడ్జ్ తనదైన మరో ఫారం పంపుతుంది, మార్కుల వివరాలు అందులో అడుగుతారు, దానికి వారం రోజులకు మించి సమయం ఉండదు. బోర్డు మార్కుల షరతులు కోర్సును బట్టీ, ఏడాదిని బట్టీ మారుతుంటాయి కాబట్టి యూనివర్సిటీ సొంత పేజీలోనే చూడండి, ఏజెంట్ల మాట మీద ఆధారపడకండి. ఇది చదివే రాష్ట్ర బోర్డు ఇంటర్మీడియట్ విద్యార్థులెవరైనా ఉంటే, వారికి షరతులు వేరుగా ఉంటాయి. దరఖాస్తుకు ముందే కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసుకు ఒక మెయిల్ రాసి తేల్చుకోవాలి. ఆ మెయిళ్లకు వాళ్లు ఓపికగా జవాబిస్తారు.

పర్సనల్ స్టేట్‌మెంట్‌ను, అంటే దరఖాస్తులో మీ గురించి మీరే రాసే వ్యాసాన్ని, 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలుగా విడగొట్టారు: ఈ సబ్జెక్టు ఎందుకు, స్కూలు చదువు మిమ్మల్ని దానికెలా సిద్ధం చేసింది, స్కూలు బయట ఏం చేశారు. మూడూ కలిపి 4,000 అక్షరాలు మించకూడదు. ఇక్కడ మన పిల్లలు ఎక్కువగా చేసే పని, ఒలింపియాడ్ ర్యాంకులూ, వక్తృత్వ పోటీల బహుమతులూ, స్కూల్ లీడర్ పదవులూ వరుసగా పేర్చడం. ఎంపిక చేసే ఆచార్యుడికి వాటితో పెద్ద పని లేదు. వారానికి ఒక గంట మీతో కూర్చుని భౌతికశాస్త్రం మాట్లాడటం తనకు సంతోషంగా ఉంటుందా అన్నదే ఆయన చూసుకుంటారు. మీరు నాన్నగారి దుకాణంలో స్ప్రే పంపు నాజిల్ మార్చినప్పుడు మందు పొగమంచులా ఎందుకు వస్తోందని ఆలోచించి, పీడనం గురించి చదివి, ఇంట్లో ఏదో కొలిచి చూసి ఉంటే, అది రాయండి. చదివిన పుస్తకం పేరు రాస్తే, అందులో ఏ వాదన మీకు మింగుడుపడలేదో కూడా రాయండి. రాసిన ప్రతి వాక్యం మీదా ఇంటర్వ్యూలో ప్రశ్న రావచ్చు కాబట్టి చేయనిది, చదవనిది ఒక్కటి కూడా రాయకండి. డబ్బు తీసుకుని స్టేట్‌మెంట్ రాసిపెట్టే కన్సల్టెన్సీల దగ్గరకు అసలు వెళ్లవద్దు. యూకాస్ ఆ వ్యాసాలను పాతవాటితో పోల్చి చూస్తుంది, పోలిక దొరికితే ఆ సంగతి యూనివర్సిటీకి తెలియజేస్తుంది.

ఇంటర్వ్యూల మీద మీకున్న భయమే పెద్దది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. విదేశీ దరఖాస్తుదారులకు ఇవి సాధారణంగా డిసెంబర్‌లో ఆన్‌లైన్‌లో జరుగుతాయి. ఒకరో ఇద్దరో అధ్యాపకులు ఉంటారు, అరగంట అటూ ఇటూగా సాగుతుంది. "మీ బలాలేమిటి, బలహీనతలేమిటి" లాంటి ఉద్యోగపు ప్రశ్నలు దాదాపు ఉండవు. నేరుగా లెక్క ఇస్తారు. ఇలాంటిది ఒకటి తీసుకుందాం. చెరువులో ఒక పడవ ఉంది, పడవలో ఒక పెద్ద రాయి ఉంది. ఆ రాయిని ఎత్తి నీళ్లలో పడేస్తే చెరువు మట్టం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?

కోచింగ్‌లో ఈ లెక్క చూసినవారు "తగ్గుతుంది" అని ఒక్క క్షణంలో చెప్పేస్తారు. అక్కడితో ఇంటర్వ్యూ గెలిచామనుకుంటారు. నిజానికి వాళ్ల గురించి ఎదుటివారికి ఇంకా ఏమీ తెలియలేదు. మరొకమ్మాయి ఆగి, ఇలా అంటుందనుకోండి: "రాయి పడవలో ఉన్నప్పుడు తేలుతోంది కాబట్టి తన బరువుకు సమానమైన బరువున్న నీటిని పక్కకు జరుపుతోంది. మునిగాక తన పరిమాణానికి సమానమైన నీటినే జరుపుతుంది. రాయి నీటికంటే సాంద్రత ఎక్కువున్నది కాబట్టి రెండోది తక్కువ. కాబట్టి మట్టం తగ్గాలి. కానీ నాకు ముందు పెరుగుతుందనిపించింది, అది ఎందుకనిపించిందో చూడాలి." ఈ చివరి వాక్యం బంగారం లాంటిది. ఇప్పుడు అధ్యాపకుడు ముందుకు జరుగుతాడు. రాయి బదులు చెక్క దుంగ వేస్తే ఏమవుతుందని అడుగుతాడు. దుంగ నీళ్లలో కూడా తేలుతుంది కాబట్టి మట్టం మారదు. సరే, రాయి పడవలోనే ఉంది, పడవకు చిన్న చిల్లు పడింది, నీరు మెల్లగా లోపలికి వస్తోంది, పడవ పూర్తిగా మునిగే దాకా మట్టం ఎలా మారుతూ వస్తుందో గీసి చూపించమంటాడు. కోచింగ్ పుస్తకం అక్కడ అయిపోతుంది, ఇంటర్వ్యూ మొదలవుతుంది. ఆ మూడో ప్రశ్నకు జవాబు నేను చెప్పను. మీరు కాగితం మీద గీయండి. గీస్తున్నంతసేపూ పైకి మాట్లాడండి.

ఆ పైకి మాట్లాడటమే మన చదువుల్లో అలవాటు లేనిది. మన తరగతిలో జవాబు తెలిస్తేనే చెయ్యెత్తాలి, తెలియకపోతే తల దించుకోవాలి. తప్పు చెబితే నవ్వుతారు. పన్నెండేళ్లు ఇలా పెరిగిన పిల్లకు ఇద్దరు అధ్యాపకుల ముందు తప్పు ఆలోచనను కూడా మాటల్లో పెట్టమంటే గొంతు పెగలదు. అది తెలివి లేక కాదు, సాధన లేక. కాబట్టి సాధన చేయండి. వారానికి రెండు మూడు సార్లు, స్నేహితురాలినో స్కూల్లో భౌతికశాస్త్రం మాస్టారినో ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీకు జవాబు తెలియని లెక్క ఒకటి తీసుకుని, పది నిమిషాలు వినిపించేలా ఆలోచించండి. మొదట తెలుగులో చేయండి, అలవాటు పడ్డాక ఇంగ్లిష్‌లోకి మారండి. మాస్టారు మధ్యలో అడ్డుపడి "అది తప్పు" అంటే, క్షమాపణలు చెప్పకుండా "ఎక్కడ తప్పిందో చూస్తాను" అనడం నేర్చుకోండి. సూచన ఇస్తే అందుకుని దానితో ముందుకు వెళ్లగలుగుతున్నారా లేదా అన్నదానికి అక్కడ చాలా విలువ ఉంది.

ఇంగ్లిష్ గురించి అడిగారు. యాస ఎవరికీ పట్టదు. వాక్యం మధ్యలో ఆగి మొదటినుంచి మళ్లీ చెబితే ఎవరూ తప్పుగా తీసుకోరు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడం పూర్తిగా మర్యాదే. అర్థం కాకుండానే తలూపడం మాత్రం నష్టం చేస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత మీరు చెప్పేదంతా వేరే ప్రశ్నకు జవాబవుతుంది. భాషాపరీక్షలో వాళ్లు అడిగే స్కోరు ఎలాగూ తెచ్చుకోవాలి, దానికి వేరుగా చదవండి. ఇంటర్వ్యూ కోసం మీకు కావలసిన ఇంగ్లిష్ తక్కువే: "అనుకుందాం", "ఇది స్థిరంగా ఉంటే", "దీన్ని సరిచూసుకోవాలంటే" వంటి యాభై అరవై మాటలు తడుముకోకుండా వస్తే చాలు.

ఏటా 20 వేలకు పైగా దరఖాస్తులు వచ్చే చోట చేరేవారు సుమారు 3,500 మంది. ఎంత బాగా చేసినా రాకపోవచ్చు. కాబట్టి జేఈఈ సాధన ఆపకండి, ఐఐటీలకూ, సైన్స్ చదువుకూ పరిశోధనకూ ఉన్న ఐఐఎస్‌ఈఆర్‌లకూ దరఖాస్తులు పెట్టండి.

సీటు వచ్చి చేరారనుకుందాం. అక్కడ టర్ము అంటే ఎనిమిది వారాలు. ఏడాదికి మూడు టర్ములు: మైకేల్మస్, లెంట్, ఈస్టర్. మొదటి ఏడాది నేచురల్ సైన్సెస్‌లో మూడు విజ్ఞాన శాస్త్రాలు, ఒక గణితం ఉంటాయి, శనివారం ఉదయం కూడా లెక్చర్లుంటాయి. ఒక్కో సబ్జెక్టుకు దాదాపు వారానికో సూపర్‌విజన్ వస్తుంది. ముందురోజు మీరు చేసి ఇచ్చిన ఎగ్జాంపుల్ షీట్ (ఆ వారం లెక్కల కాగితం) మీద ఆరో లెక్క పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం ఉంటుంది. జవాబు సరైనదే. అయినా "ఇక్కడ ఘర్షణను ఎందుకు వదిలేశారు" అని అడుగుతారు. పుస్తకంలో అలా ఉందన్నది అక్కడ సమాధానం కాదు. పక్కన కూర్చున్న అబ్బాయి గలగలా మాట్లాడేస్తుంటాడు, మీకు తనకన్నా తక్కువ తెలుసనిపిస్తుంది. రెండు వారాలు జాగ్రత్తగా వినండి: గట్టిగా చెప్పినవాటిలో చాలా తప్పులుంటాయి, సూపర్‌వైజర్ వాటిని దిద్దుతారు, ఆ అబ్బాయి సిగ్గుపడకుండా నోట్ చేసుకుని ముందుకు వెళ్తాడు. బోర్డింగ్ స్కూళ్ల పిల్లల దగ్గర మీరు నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే అది ఈ ఒక్కటే, తప్పు చెప్పి కూడా కుర్చీలో నిటారుగా కూర్చోగలగడం.

మార్కుల విషయంలో ముందే మనసు సిద్ధం చేసుకోండి. నూటికి 98 వచ్చే పిల్లకు అక్కడ 62 వస్తుంది. 70 దాటితే ఫస్ట్ క్లాస్ అనే పద్ధతి అది. 62 అంటే పరువు పోయినట్టు కాదు, గౌరవప్రదమైన సెకండ్ క్లాస్. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచండి, లేకపోతే వీడియో కాల్‌లో మొదటి మార్కులు చెప్పినప్పుడు అవతల కలిగే నిశ్శబ్దం మిమ్మల్ని నెల రోజులు బాధపెడుతుంది. ప్రతి టర్ములోనూ ఐదో వారం కష్టంగా ఉంటుందని అక్కడందరూ చెప్పుకుంటారు. మైకేల్మస్ టర్ములో అది నవంబర్‌లో వస్తుంది, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, వంట్లో ఓపిక ఉండదు, ఇల్లు గుర్తొస్తుంది. ఆ వారంలో చదువు మానేద్దామనే ఆలోచన వస్తే దాన్ని నిర్ణయంగా తీసుకోకండి.

సాయం కోసం ఎవరి దగ్గరకు వెళ్లాలో తెలియకే మన పిల్లలు ఎక్కువ అవస్థ పడతారు. కాలేజీలో మీకు ముగ్గురుంటారు. పాఠం చెప్పేది సూపర్‌వైజర్. ఏ సూపర్‌వైజర్ దగ్గరకు పంపాలో చూస్తూ మీ చదువు మొత్తాన్ని గమనించేది డైరెక్టర్ ఆఫ్ స్టడీస్. ట్యూటర్ మాత్రం చదువు చెప్పరు. ఆరోగ్యం, డబ్బు ఇబ్బంది, ఇంటి సమస్య, గది గొడవ, ఏదైనా సరే ఆయనతోనో ఆమెతోనో చెప్పుకోవాలి. ఇబ్బందుల్లో ఉన్నవారికి కాలేజీలో హార్డ్‌షిప్ ఫండ్ ఉంటుంది, అడగనివారికి రాదు. ఎగ్జాంపుల్ షీట్‌లో సగం లెక్కలే అయితే, ఆ సగమే ఇచ్చి "మిగతావి ఇక్కడ ఆగిపోయాయి" అని రాయండి. రాలేదని సూపర్‌విజన్ ఎగ్గొట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఒకటి ఎగ్గొడితే రెండోదానికి వెళ్లడం ఇంకా కష్టమవుతుంది. పెద్దవారిని పేరు పెట్టి పిలవడం నోటికి రాకపోతే, వాళ్లే చెప్పేదాకా డాక్టర్ ఫలానా అనండి, ఎవరూ తప్పుపట్టరు.

ఇక మీరు భయపడిన విందు. ఫార్మల్ హాల్ అంటారు. గౌను వేసుకుని వెళ్తారు, గౌను సీనియర్ల దగ్గర పాతది సగం ధరకు దొరుకుతుంది. గంటో గాంగో మోగగానే అందరూ లేచి నిలబడతారు, ఒకరు లాటిన్‌లో నాలుగు మాటలు చదువుతారు, కూర్చుంటారు. కత్తులు, ఫోర్కులు బయటివి ముందు వాడుతూ లోపలికి రావాలి. వైన్ వద్దంటే నీళ్లుంటాయి, ఎందుకని ఎవరూ అడగరు. శాకాహారమైతే టికెట్ తీసుకునేటప్పుడే చెప్పాలి. 1914లో ట్రినిటీ కాలేజీకి వెళ్లిన రామానుజన్ హాల్‌లో తినలేక, యుద్ధకాలంలో సరుకులు దొరక్క, గదిలోనే తానే వండుకుంటూ ఎంత అవస్థ పడ్డారో మనకు తెలుసు. ఇప్పుడు ప్రతి కాలేజీలో పూటపూటా శాకాహారం ఉంటుంది. అయినా నాలుగో రోజుకు పప్పన్నం కావాలనిపిస్తుంది. మెట్ల దగ్గర అందరికీ కలిపి జిప్ రూమ్ అనే చిన్న వంటగది ఉంటుంది. కొన్నింటిలో పొయ్యి ఉంటుంది, కొన్నింటిలో మైక్రోవేవ్ ఒక్కటే. రైస్ కుక్కర్ సూట్‌కేసులో పెట్టుకోకముందే కాలేజీకి మెయిల్ రాసి, దాన్ని అనుమతిస్తారో లేదో కనుక్కోండి. కందిపప్పు, చింతపండు, ఇంగువ మిల్ రోడ్డు దుకాణాల్లో దొరుకుతాయి, మోసుకెళ్లనక్కర్లేదు. ఆవకాయ తీసుకెళ్లండి.

స్నేహాల విషయంలో నా అభిప్రాయం ఇది. మొదటి వారంలో కలిసినవాళ్లే జీవితకాల మిత్రులనుకోనక్కర్లేదు, వాళ్లతో కుదరలేదని కుంగిపోనక్కర్లేదు. అక్టోబర్‌లో సొసైటీల, అంటే విద్యార్థి సంఘాల, సంత జరుగుతుంది. అక్కడ ఒకటి మన వాళ్లది, మరొకటి మీకు ఏమాత్రం తెలియనిది చూసుకుని రెండింటిలోనే చేరండి. మన వాళ్ల మధ్యే ఉండిపోతే అక్కడి చదువులో సగం పోతుంది. మన వాళ్లను పూర్తిగా వదిలేస్తే నవంబర్‌లో తెలుగులో ఒక్క మాట మాట్లాడే మనిషి ఉండరు. పబ్బుకు రమ్మంటే వెళ్లి నిమ్మరసం తాగి గంటలో వచ్చేయవచ్చు, పిలిచినా రాదనే పేరు రాకుండా ఉంటే చాలు. ఇంటి గురించి, దుకాణం గురించి దాచకండి. మీ నాన్నగారి వృత్తి విని ఎవరైనా చులకనగా చూస్తే ఆ పరిచయం అంతటితో వదిలేయవచ్చు. డిసెంబర్ మొదట్లో టర్ము అయిపోయాక చాలా కాలేజీలు గదులు ఖాళీ చేయమంటాయి. దూరదేశాల విద్యార్థులు ముందుగా దరఖాస్తు పెట్టుకుంటే ఉండనిస్తాయి, దానికి వేరే అద్దె పడుతుంది. ఈ విషయం అక్టోబర్‌లోనే కనుక్కోండి.

ఇప్పుడు డబ్బు. విదేశీ విద్యార్థికి నేచురల్ సైన్సెస్ ట్యూషన్ ఫీజు ఒక్కటే ఏడాదికి 40 వేల పౌండ్లకు పైన. దానికి తోడు విదేశీ డిగ్రీ విద్యార్థులు కాలేజీ ఫీజు వేరుగా కట్టాలి, అది సుమారు 10 వేల పౌండ్లు. చాలామంది ఈ రెండోదాన్ని లెక్కలో మరిచిపోతారు. గది, భోజనం, వీసా, విమాన ఖర్చులు కలుపుకుంటే మూడేళ్ల డిగ్రీకి మన రూపాయల్లో రెండు కోట్లు దాటుతుంది, నాలుగో ఏడాది కూడా చదివితే ఇంకా ఎక్కువ. కోర్సు మొత్తానికీ డబ్బు ఉందని కాలేజీకి ముందే ఆధారాలు చూపించాలి. టర్ము జరుగుతుండగా పార్ట్‌టైమ్ ఉద్యోగం చేయడాన్ని కేంబ్రిడ్జ్ ప్రోత్సహించదు, ఆ చదువుతో పాటు చేయడం సాధ్యమూ కాదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కునే వీసా గడువును కూడా, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసుకునే డిగ్రీ, పీజీ విద్యార్థులకు, రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గించారు. డిగ్రీ స్థాయిలో విదేశీయులకు పూర్తి ఖర్చు భరించే స్కాలర్‌షిప్పులు చాలా అరుదు.

కాబట్టి రెండెకరాలు అమ్మి వెళ్లవద్దు. రెండెకరాలు పోయినా ఇంకా కోటికి పైగా అప్పు మిగలవచ్చు. ఆ అప్పు తల మీద పెట్టుకున్న పిల్ల సూపర్‌విజన్‌లో ధైర్యంగా తప్పు చెప్పలేదు, ఇష్టమైన పరిశోధన వైపు వెళ్లలేదు, మొదట దొరికిన జీతం కోసం పరుగెత్తుతుంది. ఏ చదువు కోసం పొలం అమ్మారో ఆ చదువే ముందుగా పాడవుతుంది. నాన్నగారూ, మీ అమ్మాయి మీద మీ నమ్మకానికి నమస్కారం. ఆ నమ్మకాన్ని పొలం అమ్మకుండా కూడా చూపించే దారి ఉంది.

ఆ దారి పీజీ, పీహెచ్‌డీ. ఆ స్థాయిలో డబ్బు ఉంది. 2000లో ఏర్పడిన గేట్స్ కేంబ్రిడ్జ్ స్కాలర్‌షిప్ బ్రిటన్ బయటి దేశాల పీజీ, పరిశోధక విద్యార్థుల కోసమే, పూర్తి ఖర్చు భరిస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌కు రోడ్స్, ఫెలిక్స్ స్కాలర్‌షిప్పులున్నాయి. తెలంగాణలో అర్హత ఉన్న ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద పీజీకి 20 లక్షల దాకా ఇస్తారు. మన సి.ఆర్.రావు గారు ఆంధ్ర యూనివర్సిటీలో గణితం ఎమ్మే చేసి, కలకత్తాలో గణాంకశాస్త్రం నేర్చుకుని పనిచేసి, 1946లో కేంబ్రిడ్జ్ వెళ్లారు. అక్కడి మానవశాస్త్ర మ్యూజియంలో పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించే పని చేస్తూనే, కింగ్స్ కాలేజీ విద్యార్థిగా ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. వెళ్లేనాటికే ఆయన పేరు మీద ముఖ్యమైన పరిశోధన ఉంది. ఇక్కడ బాగా చదివి, చేతిలో సొంత పని పట్టుకుని వెళ్లినవారిని ఆ కాలేజీలు మరింత ఆదరంగా చూస్తాయి.

అలాగని ఇప్పుడు దరఖాస్తే పెట్టవద్దనడం లేదు. యూకాస్ ఫీజు, ఈశాట్ ఫీజు, భాషాపరీక్ష ఫీజు మీ కుటుంబం భరించగలిగితే పెట్టండి. ఆ సాధన వల్ల మీ భౌతికశాస్త్రం తప్పకుండా పదునెక్కుతుంది. కానీ పెట్టేముందే ముగ్గురూ కూర్చుని ఒక అంకె అనుకోండి: స్కాలర్‌షిప్ పోను ఇంటి నుంచి ఇంతకంటే ఇవ్వలేం, పొలం జోలికి వెళ్లం అని. ఆ అంకెను కాగితం మీద రాసుకోండి. ఆఫర్ వచ్చిన జనవరిలో సంతోషంతో దాన్ని మార్చకండి. స్కాలర్‌షిప్పులు ఇచ్చే కేంబ్రిడ్జ్ ట్రస్ట్‌కూ, ఆఫర్ ఇచ్చిన కాలేజీకీ సాయం కోసం రాయండి, వచ్చిన సాయం ఆ అంకెకు సరిపోతే వెళ్లండి. సరిపోకపోతే ఆఫర్ వదులుకుని బెంగళూరులో ఐఐఎస్‌సీలోనో, తిరుపతి ఐఐఎస్‌ఈఆర్‌లోనో చేరండి, మూడో ఏడాది నుంచే వేసవి పరిశోధన మొదలుపెట్టండి, పీహెచ్‌డీకి మళ్లీ దరఖాస్తు పెట్టండి. ఈ నెలలో మీరు చేయవలసింది మాత్రం రెండే: భౌతికశాస్త్రం మాస్టారిని వారానికి ఒక అరగంట అడగండి, ఆ చిల్లుపడిన పడవ లెక్కతోనే మొదలుపెట్టండి.